వేళ్ళకు తెలిసిన ముడి

నాయనా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఊళ్ళో నిన్ను "అల్లేటోడు" అనేవాళ్ళు. చేటలు అల్లుతావని కొందరు, కతలు అల్లుతావని కొందరు. "ఆ మాట ముందు వెదురు దగ్గరే పుట్టింది. అబద్ధాలోళ్ళు తర్వాత ఎత్తుకపోయినారు" అని నవ్వేవాడివి.

పొద్దున గిద్దలూరులో నేను కొత్తగా పెట్టిన ప్లాస్టిక్ దుకాణానికి కంభం నుంచి ఒక పెద్దామె వచ్చింది. చేతిలో అంచు ఊడిన వెదురు చేట.

"నువ్వు ఆ అల్లేటాయన కొడుకువంట గదా నాయనా? ఇది ఆయన చేసిందే. రవ్వంత బాగుచేసియ్యి."

పక్కన బట్టల షాపు షావుకారు కూర్చుని ఉన్నాడు.

"మా ఇంట్లో ఎవరికీ ఆ పని రాదు పెద్దమ్మా. మా నాయనది వ్యాపారం" అన్నాను.

ఆమె ఒక ప్లాస్టిక్ చేట కొన్నది. పాతదాన్నీ కొత్తదాన్నీ కలిపి పురికొసతో కట్టి ఇచ్చాను. ఆమె నా ముడిని చూసింది. తర్వాత పాత చేట అంచున మిగిలిన ముడిని చూసింది. రెండూ ఒకటే. చిన్నప్పుడు నా వేళ్ళు పట్టుకుని నువ్వు నేర్పిన ముడి.

"మీ నాయన కత అల్లితే ఇట్ల దొరికిపోయేటోడు కాదు" అని, రెండు చేటలూ చంకన పెట్టుకుని బస్సుకు పోయింది.