మేఘాల గదిలో రాలిన వాన

బికనేర్,
జూన్ 20, 2011.

తమ్ముడు మునవ్వర్‌కు,

అన్న రియాజుద్దీన్ సలాములు, దువాలు. నువ్వు, మరదలు, పిల్లలు సూరత్‌లో చల్లగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ అల్లా దయవల్ల అందరం బాగున్నాం, నా కుడిచేతి వణుకు తప్ప. అందుకే ఈ అక్షరాలు చీమలు పాకినట్టున్నాయి. విసుక్కోకుండా చదువు. ఫోన్ చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తావు. ఉత్తరమైతే చింపేముందు ఒక్కసారైనా చూస్తాడులే అని మీ వదిన జేబున్ అంది.

మొన్న గురువారం కోటకు వెళ్లాను. చేతిలో కుంచె నిలవడం మానేశాక నాలుగేళ్లుగా ఆ గుమ్మం తొక్కలేదు. వానలు వెళ్లాక మేఘాల గదిలో పడమటి గోడ మీద బొమ్మలు మళ్లీ రాయిస్తారట, తరతరాలుగా ఆ గోడలకు రంగులేసిన మన ఉస్తాల ఇంట్లో పనిచేసే చేయి ఏదైనా మిగిలిందా అని కబురు పంపారు. మాట ఇచ్చేముందు గోడను ఒకసారి చూద్దామనుకున్నాను. కాపలావాడు కొత్తవాడు. తాతా, టికెట్ ఏదీ అన్నాడు. ఈ గుమ్మానికి బంగారం పూసింది మా ముత్తాత అని చెప్పాను. అయితే ఆయన్నే రమ్మను, ఆయనకు టికెట్ అక్కర్లేదు అన్నాడు, వెధవ! నవ్వొచ్చి టికెట్ కొన్నాను.

గదిలో మన పాత గైడ్ గుమాన్‌సింగ్ ఎవరో యాత్రికులకు కథ చెబుతున్నాడు. మీసాలు నెరిశాయి గానీ నోటి జోరు తగ్గలేదు. వాన ఎరగని రాజుగారి పిల్లలు ఉరుముకు జడుసుకోకుండా ఈ మేఘాలు రాయించారని చెప్పి, వాళ్లను పడమటి గోడ దగ్గరకు లాక్కెళ్లాడు. మన చేతులతో మళ్లీ రాసిన ఆ గోడ దగ్గరకే. వాన గీతలు రాలిపోయిన చోటు చూపించి, ఇది కాలం చేసిన పని, వందల ఏళ్ల పాతదనం, ఎంత అందంగా రాలిందో చూడండి అన్నాడు. ఒకావిడ అయ్యో అంటూ ఫోటో తీసుకుంది. ఇంతలో వాడి కన్ను నా మీద పడింది. ఇదిగో ఉస్తాద్‌జీ, వీళ్ల వంశం వాళ్లే రాశారు, కావాలంటే ఆయన్నే అడగండి అన్నాడు.

నేను తలూపాను, మునవ్వర్. అంతమంది ముందు అవునని తలూపాను.

బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాను. పందొమ్మిదేళ్ల కిందట కూడా ఊపింది ఇదే తల. ఆ రోజు నీకు గుర్తుండకుండా పోతుందా? ఈద్ వెళ్లి నెల తిరిగింది, వడగాలి మొదలైంది, పడమటి గోడ మీద వాన గీతలు పొట్టు లేచినట్టు లేచి రాలడం మొదలెట్టాయి. రంగులో బంక ఎక్కువైంది, కలిపిందెవడు అని అబ్బాజాన్ పరంజా మీద నుంచే గర్జించాడు. అందరూ నీ వైపు చూశారు. మన ఇంట్లో తుమ్మబంకను కంటితో చూసి నమ్మరు కదా, నాలుక మీద వేసుకుని చూడాల్సిందే. రంజాన్‌లో మేమంతా రోజా ఉంటే, కడుపులో పుండని డాక్టర్ వద్దన్నది నిన్నొక్కడినే. అందుకే ఆ నెలంతా బంక గిన్నె నీదే అయింది. రోజా లేనివాడికి బంకే ఇఫ్తార్ అని చిన్నాన్న కొడుకులు నిన్ను ఎంత ఏడిపించారో!

గిన్నె వీడిదేనా అని అబ్బాజాన్ నన్నడిగాడు. నువ్వు నా ముఖంలోకే చూస్తూ, భాయ్, నేను సరిగ్గానే చూశానుగా అన్నావు. నేను తలూపింది ఆయనకు. నాలుక లేనివాడికి కుంచె ఎందుకని ఆయన నీ చేతిలోంచి లాగేసుకున్నాడు. వారం తిరక్కుండా నువ్వు సూరత్ రైలెక్కావు. ఇంత చేయి ఉన్నవాడివి, చీరల అంచులకు పువ్వులు గీసుకుంటూ బతికావు. ఆయన పోయినప్పుడు వచ్చి, మట్టి వేసి, మన గడప తొక్కకుండానే వెళ్లిపోయావు.

ఆ గోడకు నువ్వు రావాలి. నా చేయి పనికిరాదు. నా కొడుకు సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకున్నాడు, వాడికి కుంచె ఏ వైపు పట్టుకోవాలో కూడా తెలీదు. మీరు కాకపోతే బయటివాళ్లకు ఇచ్చేస్తామని కోటవాళ్లు చెప్పేశారు. పిల్లల్ని కూడా తీసుకురా. వాళ్లు పెదనాన్న ఇల్లు చూడనేలేదు. సజ్జరొట్టె, కేర్ సాంగ్రీ కూర ముందున్నాయంటే నీ కోపం ఎంతసేపు నిలుస్తుందో చూస్తానంటోంది మీ వదిన. నా మీద కోపం మాత్రం ఉంచుకో. అది నీ హక్కు.

ఎదురుచూసే అర్హత లేకపోయినా ఎదురుచూస్తూ,
నీ భాయ్,
రియాజుద్దీన్ ఉస్తా

తా.క. ఉత్తరం మడిచి మళ్లీ విప్పాను. అసలు మాట రాయకుండా నిన్ను రమ్మనడం సిగ్గుచేటు. ఆ గోడ మొదలుపెట్టిన రోజు నువ్వు జ్వరంతో ఇంటికెళుతూ, బంక చూసి పెట్టాను, నీళ్లు పోయకండి భాయ్ అని చెప్పి వెళ్లావు. నా కాలు తగిలి ఆ గిన్నె బోర్లాపడింది. అబ్బాజాన్ తిడతాడని గబగబా ఇంకో గిన్నె కలిపాను. రోజా పోతుందని నాలుక మీద వేసుకోలేదు. గోడ మీదకెక్కింది నీ బంక కాదు, నాది. నీ నాలుక తప్పిందని నువ్వే నమ్మేలా ఇన్నేళ్లూ ఊరుకున్నాను.

అబ్బాజాన్‌కు తెలుసు. నువ్వు వెళ్లాక పరంజా విప్పుతుంటే, నేల మీద నీ గిన్నె ఒలికి ఎండిన మరక కనబడిందట. గోకి నాలుక మీద వేసుకుంటే రంగుకు తగ్గ బంక నూటికి నూరుపాళ్లూ సరిగ్గా ఉందట. మంచాన పడ్డాక నాతో అన్నాడు. వాడిని పిలుద్దామనుకున్నానురా, కానీ వాడి చేయి ఎక్కడైనా బతుకుతుంది, నీది ఈ కోట దాటితే బతకదు, అందుకే పిలవలేదు అన్నాడు. ఆ మాట కూడా నేనే దాచాను.

ఈ పొద్దున బంక నానబెట్టి నాలుక మీద వేసుకున్నాను. మూడుసార్లు చూశాను. ఎక్కువో తక్కువో నాకు తెలియలేదు, తమ్ముడూ. అది నీకే తెలుసు.