ఇస్త్రీ చేసిన ఉత్తరం

నాన్నా,

ముందే చెబుతున్నా, ఇది క్షేమసమాచారాల ఉత్తరం కాదు. ఫోన్లో చెబితే నీకు వినపడదు. ఎదురుగా నిలబడితే నా పెదాలు చూసి అర్థం చేసుకునేవాడివి, కానీ ఎదురుగా రాలేను. అందుకని రాస్తున్నా. కటింగ్ రూంలో గుడ్డమీద గుర్తులు పెట్టుకునే పెన్ను తప్ప ఇంకోటి లేదు, దాంతోనే కానిస్తున్నా.

నేను వర్క్‌షాపులోనే ఉన్నాను. ఐదు రోజులైంది. వీధులన్నీ మూసేస్తున్నారని సూపర్‌వైజర్ అందరినీ ఇళ్లకు తోలేస్తుంటే, నేను పోనన్నాను. పోవడానికి చోటేది? నాతో గదిలో ఉండే ముగ్గురూ నా దగ్గు విని, నా పరుపు చుట్టి గుమ్మం బయట పెట్టారు. నోటికొచ్చినట్టు తిట్టాను. వాళ్ల చోట నేనున్నా అదే చేసేదాన్ని, అది వేరే సంగతి. సూపర్‌వైజర్ తాళంచెవి మెట్లమీద పెట్టి, "పైనే ఉండు, మిషన్లు ముట్టుకోకు, నువ్వున్నావని ఎవరికీ చెప్పకు" అని నేను దిగేలోపు వీధి చివర తేలాడు. ఏడాదంతా మామీద అరిచిన మనిషి అంత మెల్లగా మాట్లాడగలడని నాకు తెలియదు.

నాకు ఆ జబ్బే వచ్చింది నాన్నా. పరీక్ష చేయించుకున్నాను. అసలు పరీక్ష అక్కర్లేకుండానే తెలిసింది. ఉన్ని గుడ్డమీద ఇస్త్రీపెట్టె మర్చిపోయాను. పొగ కనిపించింది గానీ వాసన రాలేదు. కాలిన ఉన్ని వాసన తెలియని కటింగ్ మనిషి ఉంటుందా?

ఇక్కడ పెద్ద కత్తెర, నాలుగు బల్లలు, ముక్కల సంచులు, నేను. ఇంకో మనిషి కూడా ఉంది. కిటికీకి ఎదురుగా, సందుకి అవతల, ఒక అవ్వ. మొదటిరోజే "ఏయ్ పిల్లా, దగ్గితే మోచెయ్యి అడ్డం పెట్టుకో, నా మొక్కలకి అంటుకుంటుంది!" అని అరిచింది. నేనూ అరిచాను. మర్నాడు, రెండు గోడల మధ్య కప్పీమీద తిరిగే బట్టలతాడుకి ఒక సంచీ తగిలించి ఇటు లాగింది. లోపల ఉడికించిన గుడ్లు, మూతున్న గిన్నెలో వేడి చారు. "తినకపోతే గిన్నె తిరిగి పంపు, మాటలు పంపకు" అంది. ఊరికే తినడం నాకు చేతకాదు. ముక్కలన్నీ అతికి ఆమెకో జాకెట్టు కుడతానన్నాను. కొలత ఎలా అంటే, దారానికి ముడులు వేసి తాడుమీదే పంపింది. భుజానికో ముడి, ఛాతీకో ముడి. నడుము దగ్గర రెండంగుళాలు దాచింది, సందు ఇవతలి నుంచే నా కంటికి తెలుస్తోంది. అడిగితే ఒప్పుకోలేదు. నీలం, బూడిదరంగు, ఇటుక రంగు, రెండు వేళ్ల వెడల్పున్నవి కూడా పారేయకుండా పరిచి చూస్తున్నాను. చేతులు పనిలో ఉంటే కాస్త నయం. లేకపోతే నువ్వే గుర్తొస్తున్నావు.

అసలు సంగతి ఇప్పుడు రాస్తాను. ఇందాకటి నుంచీ పక్కదారులే తొక్కుతున్నాను.

ఏడుగురికి నేర్పావు నాన్నా. దారం ఎక్కించడం కూడా రానివాళ్లను కూర్చోబెట్టి నేర్పావు. నన్ను మాత్రం పదేళ్లప్పుడు బల్ల దగ్గర నుంచి లేపేశావు. "నీది బరువు చెయ్యే, గుడ్డ నలిగిపోతుంది" అన్నావు. నేను పాత కోట్లు తెచ్చుకుని, కుట్టు కుట్టూ విప్పి, ముక్కలకు అంకెలు వేసి, మళ్లీ కుట్టి నేర్చుకున్నాను. ఎవడి దయా లేదు. మొన్న ఆదివారం నా మొదటి కోటు తెచ్చి నీకే తొడిగాను. అద్దం ముందు నిలబడి కాలరు రెండువేళ్లతో పట్టుకున్నావు, వదిలావు, మళ్లీ పట్టుకున్నావు. తర్వాత "టీ పెట్టనా?" అన్నావు. అంతే. నేను తలుపు విసిరి వచ్చేశాను.

ఆ పొద్దున నాకు జ్వరం. తెలిసే వచ్చాను. రెండు మాత్రలు మింగి, నీ వయసు తెలిసి, నీ ఊపిరితిత్తుల సంగతి తెలిసి, నీ మెడచుట్టూ చేతులేసి కాలరు సర్దాను. నీ నోటినుంచి ఒక్క మంచిమాట కోసం. నీకేమన్నా అయితే చేసింది నేనే.

దగ్గు వస్తోందా? నిజం రాయి.

నీ బరువు చెయ్యి

*

అమ్మడూ,

నీ కవరు అందింది. పైవాటాలో ఉండే నర్సమ్మాయి, బయటినుంచి ఏది వచ్చినా వేడి తగిలించాకే ముట్టుకోమని పలకమీద రాసి చూపించింది. అందుకని విప్పకుండానే రెండువైపులా గట్టిగా ఇస్త్రీ చేశాను. చేశాక తెరిస్తే మూడు తెల్ల కాగితాలు. అటు తిప్పాను, ఇటు తిప్పాను. ఒక్క అక్షరం లేదు.

కోపమొస్తే మాట మానేయడం మీ అమ్మ దగ్గర చూశాను. తెల్ల కాగితాలకి స్టాంపు అంటించి అలగడం నీ దగ్గరే చూస్తున్నాను. కందిరీగవి, కుట్టకుండా ఎందుకు ఊరుకున్నావు?

నాకేం లేదు. కాస్త పొడిదగ్గు. అందరూ మూతికి గుడ్డలు కట్టుకుని తిరుగుతున్నారు, పెదాలు కనపడవు, నాకు లోకమంతా మూగదైపోయింది. ఆరోగ్యశాఖవాళ్లు ఇంటింటికీ వచ్చి, ఎవరికైనా ఒంట్లో బాగోలేదా, మీ ఇంటికి ఎవరొచ్చారు, వాళ్లెక్కడ పనిచేస్తారు అని రాసుకుపోతున్నారట. నేను తలుపు తీయలేదు. నువ్వు బాగున్నావు కదా? పని జాగ్రత్త.

నాన్న

*

నాన్నా,

అవును, అలిగాను. అందుకే తెల్ల కాగితాలు.

బాగున్నాను. పని బాగుంది. వేడినీళ్లు తాగు.

కందిరీగ

*

నాన్నా,

అక్షరాలు చూసి కంగారుపడకు. ఇవి పైవాటా అక్కవి, మాటలు నావి. నేను ఫోన్లో చెబుతుంటే అక్క నీ తలుపు బయట మెట్టుమీద కూర్చుని రాస్తోంది. తలుపు కిందనుంచి తోస్తుంది. చదువు. చివరిదాకా చదివాకే కోపం తెచ్చుకో.

ఊపిరి చూడటానికి నీ వేలికి పెట్టే మిషన్లో అంకె పడిపోతోందట. ఆసుపత్రి బండి వచ్చి వీధిలో నిలబడిందట. నువ్వు రానని పలకమీద రాశావట: "అమ్మాయి వచ్చి వెళ్లింది. ఎవరొచ్చారని అడుగుతారు. నాకు అబద్ధం రాదు. చెబితే దాని వర్క్‌షాపు మూసేస్తారు, దాని పని పోతుంది. అందుకే రాను." అక్క అది నాకు చదివి వినిపించింది.

మొన్న రాసింది అబద్ధం. నేను అలగలేదు. మొదటిసారి మూడు కాగితాల నిండా రాశాను. గుడ్డమీద గుర్తులు పెట్టే పెన్నుతో రాశాను నాన్నా! ఇస్త్రీపెట్టె తగిలితే చెరిగిపోయే పెన్ను. రోజుకి నలభైసార్లు దాంతో గీసి ఇస్త్రీతో చెరిపేదాన్ని, దాంతోనే ఉత్తరం రాశాను. నువ్వేమో కాగితాన్ని కూడా ఇస్త్రీ చేసే మనిషివి. ఇద్దరం కలిసి చెరిపేశాం.

చెరిగిందని తెలియగానే నాకు సంతోషం వేసింది. అది కూడా రాయక్కా, దాచకు. బతికిపోయాననుకున్నాను. బాగున్నానని రాసి పోస్టు చేయించాను. రెండురోజులు జాకెట్టు కుట్టుకుంటూ కూర్చున్నాను. ఎదురింటి అవ్వ కిటికీలోంచి, "ఆ గుడ్డ ఏం పాపం చేసిందే, అలా పొడుస్తున్నావు?" అంది. చెప్పాను. సందు మధ్యలో అరుస్తూ చెప్పాను, నాలుగు కిటికీలు తెరుచుకున్నాయి. అవ్వ, "ఆయనకి చెప్పాల్సింది నాకెందుకు చెబుతున్నావు? నేను మీ నాన్నని కాదు, ఆయన పక్కనున్న మనిషికి ఫోన్ చెయ్యి" అని కిటికీ వేసేసింది. నేను అక్కకి చేసేలోపు అక్కే నాకు చేసింది.

ఇదిగో, మళ్లీ చెబుతున్నాను. నాకు ఆ జబ్బు ఉంది. ఆదివారం నీ దగ్గరకి వచ్చినప్పుడే జ్వరం. తెలిసే, మాత్రలు మింగి వచ్చాను. వర్క్‌షాపు ఎప్పుడో మూసేశారు, నేను ఒక్కదాన్నే ఇక్కడ పడి ఉన్నాను. నువ్వు కాపాడుతున్న పని ఇక్కడ లేదు. కాపాడటానికి ఏమీ లేదు నాన్నా, నువ్వు తప్ప. వాళ్లు అడిగితే నా పేరు, నా వీధి, నా జ్వరం అన్నీ రాయించు. నిజమే రాయించు. నీకెలాగూ వేరేది రాదు.

నువ్వు బండెక్కకపోతే, చివరికి నీకు నేనిచ్చింది ఆ కోటూ ఈ జబ్బూనే అవుతాయి. లే. చెప్పులేసుకో.

(బాబాయ్‌గారూ, ఇది నేను, పైవాటా అమ్మాయిని. ఇందులో ఒక్క మాట నాది కాదు, ఒక్క మాట తీసేయలేదు. తను ఏడుస్తోంది, అది మాత్రం రాయొద్దంది. తలుపు తీయండి.)

కందిరీగ

*

అమ్మడూ,

ఈ కాగితం వార్డులో అడిగి తీసుకున్నాను. మన పైవాటా అమ్మాయి పనిచేసే ఆసుపత్రే. ఫొటో తీసి నీ ఫోనుకి పంపుతుందట, కాబట్టి ఇస్త్రీ భయం లేదు. నాలుగు వాక్యాలు రాసి ఆగుతున్నాను, మళ్లీ రాస్తున్నాను. పగలు ఆక్సిజన్ గొట్టం తీసి చూస్తున్నారు. గంటకంటే ఎక్కువ ఆగలేకపోతున్నాను. పక్క మంచంమీదాయన నిన్నటిదాకా ఉన్నాడు.

జ్వరంతో రావడం తప్పే. చిన్న తప్పు కాదు. తిట్టాల్సింది చాలా ఉంది. ఇక్కడ ఊపిరి పొదుపుగా వాడమంటున్నారు కాబట్టి దాచిపెడుతున్నాను.

ఆ మాట గురించి. బరువు చెయ్యి అన్నాను, నిజమే. నేను చొక్కాల మనిషిని. పల్చటి గుడ్డ, తేలిక చెయ్యి, అదే నాకు తెలిసిన విద్య. ఆ ఏడుగురికీ అదే నేర్పాను. నీ వేళ్ల పట్టు చూశాను, అది చొక్కాకి పనికిరాదు. దేనికి పనికొస్తుందో నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నోరు రాక, తప్పు నీ చేతిదన్నాను. పదేళ్ల పిల్లకి ఆ మాట ఎంత లోతుకు దిగుతుందో చూసుకోలేదు.

ఆదివారం అద్దం ముందు నాకు భయమేసింది. ఆ కాలరు గుడ్డ కాదు, ఏదో బతికున్నది మెడచుట్టూ వాలినట్టు వంగింది. వేలితో లేపి వదిలితే మళ్లీ అక్కడికే వచ్చి కూర్చుంది. నలభై ఏళ్లు బల్ల ముందు కూర్చున్నవాణ్ణి, అదెలా నిలబడిందో నాకు అర్థం కాలేదు. కూతుర్ని అడగాలంటే సిగ్గేసింది. అందుకే టీ అన్నాను.

ఇప్పుడు అడుగుతున్నాను. లోపల ఏం పెట్టావు? ఎలా కుట్టావు? అర్థమయ్యేలా రాయి. మంచం మీద ఉత్త చేతులతో పడుకోవడం నాకు అలవాటు లేదు.

నాన్న

*

నాన్నా,

నీ ఫొటో పెద్దదిచేసి చూశాను. నాలుగో వాక్యం దగ్గర అక్షరాలు కిందికి జారాయి. అక్కడ ఆగావు కదూ?

నీ మీద కోపం అంత సులువుగా పోదు, పదిహేనేళ్లది. పక్కన పెట్టాను. నేర్చుకోవడానికి వచ్చినవాడి మీద అరవకూడదని నాకు నేనే పెట్టుకున్న నియమం. నాకు నేర్పేవాడు లేడు కాబట్టి అది ఎవరూ నాకు చెప్పలేదు.

లోపల ముతక కాన్వాసు ఉంది. అక్కతో అరచేతంత కాన్వాసు ముక్క, అంతే పైగుడ్డ, దారం, సూది మూటకట్టి పంపుతున్నాను. మూట విప్పకుండానే లోపలికి రానిస్తారట, ఉన్నది మొద్దు సూదే, గొడవ చేయరు. కాన్వాసుని పైగుడ్డమీద పెట్టు. రెండింటినీ కలిపి నీ ఎడమ చూపుడువేలి మీద వంచి పట్టుకో. చదునుగా పెట్టావా, చచ్చినా ప్రాణం రాదు, మీ చొక్కాలవాళ్లకి అదే జబ్బు. వంచి పట్టుకునే ఏటవాలుగా చిన్న కుట్టు వెయ్యి, దారం గట్టిగా లాగు. వదిలాక కూడా ఆ వంపు అలాగే ఉండాలి. కాలరుకి వంపు నేర్పేది కుట్టు కాదు, కుట్టేటప్పుడు పట్టుకున్న చెయ్యి.

మొదటి వరస వంకరగా వస్తుంది. విప్పి కుట్టిన పాత కోట్లలో పద్నాలుగోదాని దాకా నాదీ వంకరే. విప్పకు, నాకు చూపించాలి.

రోజుకి ఒక్క వరస. ఎక్కువ వద్దు, ఆయాసం వస్తుంది. కుట్టాక అక్కతో "అయింది" అని ఒక్క మాట చెప్పించు చాలు. సాయంత్రం ఆరింటికల్లా ఆ మాట రావాలి. తొందరేం లేదు అని రాశాను, కొట్టేశాను. తొందర ఉంది. ఆరు దాటితే నేను ఈ కిటికీ దగ్గర నిలబడలేను.

ముందు చేతులు కడుక్కో. ఇవాళే మొదలుపెట్టు.

కందిరీగ