చెయ్యి తీస్తే ఆగే యంత్రం

యొకొతే,
నవంబరు 18

పూజ్యురాలైన మిసావో వదినకు,

మీ ఉత్తరం అందింది. "మంచు తీసే యంత్రం కొన్నావా లేదా? చిన్నదా, పెద్దదా? వెంటనే రాయి." క్షేమమా అని కూడా అడగలేదు. అక్కాతమ్ముళ్లిద్దరూ ఇద్దరే! సరే, రాస్తున్నాను.

నిన్న కుదో గారి దుకాణానికి వెళ్లాను. రెండు రకాలూ బయటికి లాగి చూపించాడు. సింగిల్ స్టేజ్‌ది చిన్నది. ముందు తిరిగే ఒక్క మరే మంచును గీకి, అదే విసిరేస్తుంది. టూ స్టేజ్‌దానికి ముందున్న మర మంచును లోపలికి లాగితే, వెనకున్న పంకా గొట్టంలోంచి దూరంగా చిమ్ముతుంది.

"నాకు చిన్నది చాలదా కుదో గారూ? ఉన్నదాన్ని ఒక్కదాన్నేగా."

"కొత్తగా పడ్డ మెత్తటి మంచుకైతే చాలు పిన్నీ. కానీ మునిసిపాలిటీ బండి రోడ్డంతా ఊడ్చి, తీసుకొచ్చి మీ గుమ్మం ముందు గట్టు పోస్తుందే, అది రాయి. దాని ముందు ఇది గెంతులేస్తుంది గానీ లోపలికి దిగదు. పెద్దదైతే కొరికేస్తుంది."

"పెద్దది నన్నే ఈడ్చుకుపోదూ?"

"ఈ పిడి నొక్కి పట్టుకుంటేనే నడుస్తుంది. చెయ్యి తీశారా, టక్కున ఆగిపోతుంది. మా ఆవిడ కంటే నయం, చెప్పిన మాట వింటుంది!"

నవ్వబోయి, నా మొహం చూసి, ఎవరితో మాట్లాడుతున్నాడో గుర్తొచ్చి తల దించుకున్నాడు. నేను ఏదీ కొనకుండా వచ్చేశాను.

మీ దగ్గర దాచడమెందుకు, కొనను కూడా. ఈ ఏడు గుమ్మం ముందు మంచు తియ్యదలచుకోలేదు. పడనీ, కిటికీల దాకా రానీ. చావాలని కాదు, బతకాలనీ లేదు. మొద్దుబారిపోయాను వదినా. పొగబెట్టిన ముల్లంగి ఊరగాయ నోట్లో వేసుకుంటే కరకరలాడుతుంది, అంతే. రుచి తెలియదు.

ఎవరికీ చెప్పనిది ఒకటుంది. జనవరిలో ఆ పొద్దున పాత యంత్రంతో మంచు తీస్తూ ఆయన వేళ్లు నొప్పెడుతున్నాయన్నారు. "ఈ పిడి పట్టుకుని పట్టుకుని చెయ్యి పడిపోతోందే, తాడేదైనా ఉంటే కట్టు" అన్నారు. నా ఏప్రన్‌కున్న నీలం నాడా పీకి, పిడిని బిగించి కట్టాను. వీధిలో సగం మంది అలా కట్టేవాళ్లేగా అనుకున్నాను. లోపలికొచ్చి టీ పెట్టుకున్నాను. చూరు మీది మంచు జారి మీద పడ్డప్పుడు ఆయన చెయ్యి వదిలే ఉంటారు. నాడా వదల్లేదు. యంత్రం గోడవారన మంచులో ముక్కు పెట్టి గంటసేపు హోరెత్తింది. వెచ్చటి కొతాత్సు బల్ల దుప్పటిలో కాళ్లు దూర్చి, ఆ హోరు వింటూ నేను టీ తాగాను. ఇంకా పని చేస్తున్నారు, ఆయన టీ చల్లారిపోతోందే అనుకున్నాను. హోరు ఆగి ఉంటే బయటికి పరుగెత్తేదాన్ని. పోలీసులు వచ్చేసరికి పిడికి నాడా లేదు. వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు.

మీ తమ్ముణ్ణి పోగొట్టినవి ఈ చేతులే. ఇక మీదట మీరు నాకు ఉత్తరం రాయకపోయినా తప్పు పట్టను.

మీ
కినుయె


ఓమగారి,
నవంబరు 24

నా పిచ్చి మరదలు కినుయెకి,

నీ ఉత్తరం నాలుగు రోజులుగా నా జేబులోనే తిరుగుతోంది. ఈ కవరులో ఏముందో చూశావా? నీ నాడాయే.

ఆ రోజు నీ కేక విని ఎదురింటి నుంచి ముందు పరుగెత్తుకొచ్చింది నేనే. అందరూ పారలతో తమ్ముడు మసుజో కోసం తవ్వుతుంటే, నేను యంత్రం ఆపబోయాను. పిడికి నీ నాడా ఉంది. విప్పి చేతి తొడుగులో దోపుకున్నాను. పోలీసులు అడిగితే నీకు దాచడం చేతకాదని, ఊరంతా నీ మీద నింద వేస్తుందని. నీ కోసమే చేశానని పది నెలలుగా నాకు నేను చెప్పుకుంటున్నాను.

అది సగమే నిజం. ఆ హోరు నేనూ విన్నాను. కిటికీ పక్కన కూర్చుని బట్టలు మడుస్తూ విన్నాను. "మా మసుజో ఇవాళ మంచి జోరు మీదున్నాడు, ఒక్క చోటే నుంచుని పాతాళం దాకా తవ్వేస్తున్నాడు" అని నవ్వాను కూడా. తెర పక్కకి లాగితే సరిపోయేది. లాగలేదు. వసంతంలో మా అమ్మాయి దగ్గరికి వచ్చేసింది మోకాళ్ల నొప్పులకి కాదు, మీ గోడ నా కంటబడకుండా. నిన్ను ఒక్కదాన్నే ఇదంతా మోయనిచ్చాను. క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది.

ఇక యంత్రం సంగతి. పెద్దదే కొను. డిసెంబరు ఇరవైన పది గంటల బస్సుకి వస్తున్నాను. చలికాలమంతా నీతోనే ఉంటాను. నాకు డెబ్భై మూడేళ్లు, ఆ గట్టెక్కి దూకి రమ్మంటావా? నా దారి నువ్వే తియ్యాలి. తియ్యకపోతే బస్టాపులోనే కూర్చుంటాను. నా మొండితనం నీకు తెలుసు.

నీ వదిన
మిసావో


యొకొతే,
డిసెంబరు 16

వదినకు,

మూడు రోజులు నాడాను ముట్టుకోలేదు. నాలుగో రోజు ఉతికి, ఏప్రన్‌కి మళ్లీ కుట్టేశాను. వంకరగా వచ్చింది. ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. మీ మీద కోపం మాత్రం వచ్చింది. పది నెలలు వదినా! ఆ కోపంలో అన్నం రెండోసారి పెట్టుకున్నాను. మిగతా తిట్లు మీరు వచ్చాక.

టూ స్టేజ్‌దే కొన్నాను. కుదో గారు స్వయంగా తెచ్చి, "పిడికి మాత్రం..." అని ఆగిపోయాడు. "ఏమీ కట్టను" అని నేనే అన్నాను.

మొన్న మంచు మోకాలి లోతు పడింది. గుమ్మం ముందు గట్టును కుదో గారు చెప్పినట్టే కొరికేసింది. మధ్యలో ఊరికే చెయ్యి తీసి చూశాను. హోరు ఆగిపోయి, ఇంజను గొణుగుడు ఒక్కటే మిగిలింది. అలాగే నుంచుండిపోయాను. ఇంతలో మీ ఇంట్లో అద్దెకుంటున్న అమ్మాయి చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది పెద్దమ్మా? బాగానే ఉన్నారా?"

"బాగానే ఉన్నాను. ఏం?"

"చప్పుడు ఆగిపోయిందిగా, అందుకని."

అప్పుడు వచ్చింది వదినా, ఏడుపు. పాపం ఆ పిల్ల హడలిపోయింది.

ఇరవయ్యో తేదీన మీరు బస్సు దిగేసరికి మన గుమ్మం దగ్గర హోరు వినిపిస్తుంది. అది ఉన్నట్టుండి ఆగితే కంగారు పడకండి. మిమ్మల్ని చూసి చెయ్యి తీశానని అర్థం.

మీ
కినుయె