కనబడలేదట!

తేదీ పధ్నాలుగు, బుధవారం, మధ్యాహ్నం

చిరంజీవి మా అమ్మాయికి,

కూర్చోలేక, నిలబడలేక మీ నాన్న దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, నీ కూతురు పిచ్చుకా క్షేమం. ఎప్పుడూ ఈ మాట అలవాటుకొద్దీ రాసేవాణ్ణి. ఈసారి రిపోర్టు చూసి రాస్తున్నాను. తల్లీ, కనబడలేదట! పిల్ల రక్తంలో ఆ హెచ్ఐవి వైరసు పరీక్షకి కనబడలేదట!

ముందు నా తెలివి విను. పొద్దున్న ఆసుపత్రి మందుల గదిలో నర్సమ్మ కాగితం చూసి, పెద్దాయనా, కనబడలేదు అంది. కనబడకపోవడమేంటమ్మా, పోయిన వారం మా కళ్ళముందేగా రక్తం తీశారు, సరిగ్గా వెతకండి అంటూ నేనే బల్ల కిందికి వంగాను. ఆవిడ నవ్వాపుకోలేక, కనబడంది రిపోర్టు కాదు, వైరసు అంది. అయితే పూర్తిగా పోయిందా అన్నాను. పోలేదు, మందుకి అణిగింది, మానేస్తే మళ్ళీ లేస్తుంది అంది. లేవనిస్తానా! పిచ్చుకేమో, మా తాత బల్ల కింద వైరసు వెతికాడు అని వరండాలో అందరికీ చాటింపు వేసింది.

లేచి మంచినీళ్ళు తాగొచ్చాను. కాలు ఒకచోట నిలవడం లేదు. ఫోను మూడుసార్లు తీసి మళ్ళీ పెట్టేశాను. ఎందుకో తర్వాత చెప్తాను.

కొత్త మందు సంగతి నీకు సరిగ్గా చెప్పనేలేదు. మూడు నెలల కిందట రక్తంలో వైరసు పెరిగిందని ఆ పాత పెద్ద బిళ్ళలు, నీ కూతురు కోటు గుండీలు అనేది చూడు, అవి ఆపేశారు కదా. ఇప్పుడిచ్చేవి నీళ్ళలో కరిగే బిళ్ళలు. కాసిని నీళ్ళలో వేసి కలిపి తాగించడమే. తాగాక గ్లాసులో ఇంకొంచెం నీళ్ళు పోసి, తిప్పి, అవి కూడా పట్టించాలి. లేకపోతే అడుగున మందు మిగిలిపోతుందట. ఆ రెండోసారి నీళ్ళకి పిచ్చుక పెట్టిన పేరు గ్లాసు స్నానం.

అవి ఇచ్చిన రోజే నేను తగువు పెట్టుకున్నాను. వరసలో మా ముందున్న అమ్మాయి కూడా పిచ్చుకంతే, బరువూ అంతే. అదే మందు. ఆ అమ్మాయిది మింగే బిళ్ళ, డబ్బా మీద యాభై మిల్లీగ్రాములని ఉంది. మన పిల్లకి పదివి మూడిచ్చారు. ఏమ్మా, మాకు ఇరవై తరుగు తీశారేంటి, నలభై ఏళ్ళు పిండి మరలో తూకం వేసినవాణ్ణి, నా దగ్గరా అన్నాను. నర్సమ్మ ఓపిగ్గా చెప్పింది. కరిగే బిళ్ళలో మందు ఒంటికి ఎక్కువ పడుతుందట, మింగే బిళ్ళలో తక్కువ పడుతుందట. అందుకని ఇందులో ముప్పై, అందులో యాభై, రెండూ ఒంట్లోకి చేరేసరికి ఇంచుమించు ఒకటే. అంకెలు చూసి ఒకదాని బదులు ఇంకోటి ఇచ్చావో నీ తాట తీస్తాను పెద్దాయనా అని కూడా అంది. ఇన్నేళ్ళ నా తూకం ఆ బల్ల ముందు తుస్సుమంది.

పిచ్చుక ఒక కిలో పెరిగింది. ముందుపళ్ళు రెండూ ఊడాయి. నువ్వు కుట్టి పంపిన గౌను మోకాళ్ళ పైకి వచ్చేసింది, అయినా విప్పదు. నీ బిళ్ళ నువ్వు వేళకి మింగుతున్నావా? ఫ్యాక్టరీలో ఎంత పనున్నా మానకు. నీ నుంచే దానికి వచ్చిందని కుమిలిపోయే పనిక ఆపెయ్. ఇవాళ మన ముగ్గురికీ మంచిరోజు.

ఇట్లు,
సంతోషం పట్టలేని
మీ నాన్న

మరొక మాట: కవరు అంటించి మళ్ళీ చింపాను. ఇది రాయకపోతే పైనంతా అబద్ధమైపోతుంది.

పిచ్చుక ఏనాడూ మందు ఉమ్మెయ్యలేదమ్మా. ఆ కోటు గుండీలు గొంతు దిగక అది కళ్ళనీళ్ళు పెట్టుకుంటే చూడలేక, నేనే కల్వంలో నూరి, గుడ్డలో జల్లించి, చక్కెరనీళ్ళలో కలిపి పట్టాను. పిండి మర నడిపినవాణ్ణి కదా, ఎంత మెత్తగా నలిగితే అంత బాగా ఒంటికి పడుతుందనుకున్నాను. మింగిస్తున్నారా అని డాక్టరు అడిగితే, ఎలాగో లోపలికి వెళ్తోందిగా అని ఊఁ అన్నాను. కొత్తవి ఇచ్చిన రోజు నోరు జారి, అయితే ఇక కల్వం కడిగి పెట్టెయ్యొచ్చా అన్నాను. నర్సమ్మ ముఖం మారిపోయింది. ఆ పాత బిళ్ళని నలగ్గొట్టకూడదట. నూరితే దాదాపు సగం మందు ఒంటికి పట్టకుండానే పోతుందట.

వైరసు పెరిగిందని తెలిసి నువ్వు పరుగున వచ్చి, మందు ఎక్కడ ఉమ్మేశావో చెప్పు, నిజం చెప్పేదాకా నాతో మాట్లాడకు అని దాని చెవి మెలిపెట్టినప్పుడు నేను తలుపు పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు. అదీ విప్పలేదు. మూడు నెలలుగా నువ్వు నాతో మాట్లాడి ఫోను పెట్టేస్తుంటే, అది నా పక్కనే కూర్చుని నీ గొంతు వింటోంది.

తాత నూరాడని అమ్మకి ఎందుకు చెప్పలేదే అని ఇవాళ అడిగాను. చెప్తే అమ్మ నీతో కూడా మాట్లాడదు, అప్పుడు అమ్మ ఫోను ఎవరు ఎత్తుతారు తాతా అంది.

నన్ను తీరిగ్గా తిట్టుకో. ఈ ఉత్తరం అందిన రోజు సాయంత్రం ఏడింటికి, దాని మందు వేళకి, ఫోను చెయ్యి. నేను ఎత్తను.