ఉడకబెట్టిన కోకో గింజలు

మన అఖిల వాళ్ల నాయినా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పామాయిల్ చెట్ల నీడలో నువ్వు నాటిన కోకో మొక్కలకు మొదటిసారి కాయలొచ్చాయి. నువ్వు చెప్పి పెట్టినట్టే గింజలు తీసి కుప్పపోసి, అరటాకులు కప్పాను. కుప్ప బాగా వేడెక్కింది, పుల్లటి వాసన కూడా వచ్చింది. అలా పులిస్తేనే చాక్లెట్ రుచి వస్తుందన్నావు కదా.

నేను మెట్‌పల్లి పోయి వచ్చేసరికి మీ అమ్మ ఆ గింజలన్నీ పసుపు వండే కడాయిలో పోసి ఉడకబెట్టేసింది. "మురిగిపోతున్నయి బిడ్డా. పసుపు లెక్కనే ఉడకబెట్టి ఎండబోస్తే ఆగుతయనుకున్న" అంది. బుద్ధెరిగినప్పటి నుంచి పసుపు వండిన మనిషిని ఏమనను?

వ్యాపారి ఒక గింజ కొరికి ఉమ్మేశాడు. మీ అన్నేమో, "ఇగ చాలు. సోమవారం జేసీబీ తెస్త. అన్ని పీకేసి మళ్ల పసుపే పెడ్దాం" అన్నాడు. ఒక్క పసుపునే నమ్ముకుని, ధర పడిపోయిన ప్రతి ఏడూ మనం ఎలా బతికామో మరిచిపోయాడు.

చెట్లకు మిగిలిన నాలుగు కాయలూ కోసి మళ్లీ కుప్ప పెట్టాను. ఈ గింజలైనా బాగుంటే మీ అన్న ఆగుతాడేమో. కానీ కుప్ప చిన్నది, వేడెక్కడం లేదు. గోనెసంచులు కప్పాను, నా చీర కూడా కప్పాను. మీ అమ్మ పక్కనే కూర్చుని మాటిమాటికీ లోపల చెయ్యి పెట్టి చూస్తోంది.

"ఇంక సల్లగనే ఉన్నది బిడ్డా" అంటోంది.

నువ్వు పోయిన పొద్దు నీ నుదుటి మీద చెయ్యి పెట్టి కూడా ఇదే మాట అంది.