అరస్వరం దించింది నేనే

బ్రిన్‌హెలిగ్ లోయ, గని వీధి, పదకొండో నంబరు ఇంట్లో ఉంటున్న, కీర్తిశేషుడు ట్వమ్ ప్రోథరో భార్య మార్గెడ్ అనే నేను, డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న ఆఖరి వీలునామా. నాకు చదువు రాదు. బుద్ధికి లోటు లేదు. లాయరు గ్విలిమ్ గారు నేను చెప్పింది చెప్పినట్టే రాయాలి, నునుపు చెయ్యకూడదు.

1. మా మరిది గోమెర్‌కు వంటింటి గడియారం. ఇరవై ఏళ్లుగా దానిమీదే ఆయన కన్ను. అది నడవదు.

2. నా కొడుకు ఇద్రిస్ ఆదివారం బూట్లు ఎవరికీ ఇవ్వకూడదు. నాతోపాటు శవపేటికలో పెట్టాలి.

3. 1920లో మా పాటల బృందం వాద్యగాళ్లతో కలిసి ‘నదికి పెళ్లి’ పాడింది. దేవుడి పేరు లేని పాట అని చర్చి పెద్దలు మొహం చిట్లించినా ఊరంతా వచ్చింది. అందులో తల్లికొండలు నదిని సముద్రానికి సాగనంపే చోట వాద్యాలు ఆగిపోతాయి, ఆడవాళ్లమే పాడాలి. ఇద్రిస్ గనిలో పోయి అప్పటికి మూడు వారాలు. నా గొంతు కిందికి జారింది. నాది పెద్ద గొంతు కాబట్టి అందరూ నావెంటే జారారు. పక్కన మోర్విద్ పౌవెల్ మాత్రం సరైన శ్రుతిలో నిలబడి, పైకి రమ్మని నా మోచెయ్యి గిల్లింది. వాద్యాలు మళ్లీ అందుకునేసరికి మేం అరస్వరం కింద ఉన్నాం. జనం నవ్వారు.

“కుడివైపు ఒక గొంతు వేరుగా వినబడింది. నువ్వే మోర్విద్! రేపట్నుంచి రాకు,” అన్నాడు మా నాయకుడు ఐసాక్. “నేను కాదయ్యా,” అని ఆమె నావైపు చూసింది. నేను తలదించుకుని శాలువా సర్దుకున్నాను. కొడుకుపోయినదాన్ని ఎవరూ అడగలేదు. ఆ రోజునుంచీ ఊరికి ఆమె ‘అరస్వరం మోర్విద్’. ముప్ఫై మూడేళ్లుగా చర్చిలో కూడా పెదవి కదపలేదు.

4. వచ్చే నెల ఏడున గనికార్మికుల హాల్లో ఆ పాట మళ్లీ పాడుతున్నారు. నా ఇల్లు సాధన కోసం బృందానికి ఇస్తున్నాను. షరతు ఒక్కటే: పాట మొదలుపెట్టేముందు పైన మూడో నంబరులో ఉన్నదంతా వేదికమీద గట్టిగా చదవాలి. చదవకపోతే ఇల్లు గోమెర్‌ది. ఆయన సంగతి మీకు తెలుసు. “మీరు పోయాకే ఇది చెల్లుతుందమ్మా,” అంటున్నారు లాయరు గారు. ఈ నెల దాటనని డాక్టరు చెప్పాడు, ఆ బెంగ అక్కర్లేదు. రాయండి.

5. అద్దాల బీరువా, పింగాణీ మోర్విద్‌కు రాద్దామనుకుని ఈరోజు పిలిపించాను. పైదంతా ఆమె ముందే చదివించాను. సాక్షిగా కూడా ఆమే ఉండాలనుకున్నాను, కానీ సాక్షి సంతకం పెట్టేవాళ్లకు ఆస్తి చెందదట, ఏదో ఒకటే కోరుకోవాలట. “పింగాణీ ఏం చేసుకోను మార్గెడక్కా? సంతకమే పెడతా. ఆ మూడోది మళ్లీ చదవమను,” అంది. మూడుసార్లు చదివించుకుంది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. బీరువా నా చెల్లెలి కూతురు నెస్టాకు.

చదివి వినిపించగా విని, సరేనని గుర్తు పెట్టాను.

1953 ఫిబ్రవరి 11
మార్గెడ్ ప్రోథరో గుర్తు: ×

సాక్షులు:
ఎలిస్ హొవెల్, లాయరు గారి గుమాస్తా
మోర్విద్ పౌవెల్, గాయని