రాయి మాట వినని సైకిల్

అక్కా,

ఎదురుపడితే అరుస్తానని నాకే తెలుసు, అందుకే రాస్తున్నాను. నిన్న కొండదారిలో తొక్కి చూసి, నేను చేసిన కొత్త సైకిల్‌ని షెడ్డు గోడకి ఆనించి, పాతది తీసుకుని వెళ్ళిపోయావు. ఏం నచ్చలేదో అమ్మకి చెప్పావు గానీ నాకు కాదు. కోపం కాస్త తగ్గింది కానీ అయోమయం తగ్గలేదు.

ఆదివారం పోటీలో నువ్వు గెలవాలనే కదా ఆ ఫ్రేము చేశాను. సైకిళ్ళ తయారీ గురించి నేను చదివిన కరపత్రాలన్నీ ఒకటే అంటాయి: వంగే ఫ్రేము తొక్కేవాళ్ళ బలాన్ని దోచుకుంటుంది. దోపిడీ ఎక్కడున్నా నేను సహించను. అందుకే గొట్టాలన్నీ లావువే వేసి వెల్డింగ్ చేశాను. షెడ్డులో పనిచేసే బెంచీకి బిగించి, పెడల్ మీద నిలబడి ఊగాను. వెంట్రుకవాసి కదలలేదు. నీ పాతదైతే మూలిగేది.

మరి రాళ్ళలోకి దిగగానే నీ చేతులు తిమ్మిరెక్కడమేమిటి? చక్రం ఎగిరెగిరి పట్టు తప్పడమేమిటి? "అచ్చం వాడిలాగే ఉందమ్మా. రాయి చెప్పేది వినదు, నన్నూ విననివ్వదు" అన్నావట. అమ్మ నవ్వు ఆపుకోలేక నాకు చెప్పేసింది.

పెడళ్ళ దగ్గర మొండిగా ఉండాలి, రాళ్ళ కుదుపు మింగేలా నీ సీటు కింద కొంచెం లొంగాలి. ఒకే ఫ్రేము ఈ రెండూ ఎలా చేస్తుంది? కరపత్రాల్లో జవాబు లేదు. సీటు నుంచి వెనక చక్రానికి దిగే గొట్టాలు కోసేశాను. సన్నవి వేస్తాను, కానీ ఎంత సన్నవో తెలియడం లేదు. బెంచీని అడిగితే చెప్పదు. నువ్వే వచ్చి, రాళ్ళమీద తొక్కి చెప్పాలి.

అప్పటికీ నచ్చకపోతే పోటీకి పాతదే తీసుకెళ్ళు, నేను కోప్పడను. కోప్పడినా నువ్వు పట్టించుకోకు.

నీ తమ్ముడు